ఓటీపీ ఎవరి ఫోన్‌కి వెళ్తోంది?

బెంగళూరు మారతహళ్ళిలో ఒక పీజీ గది. రాత్రి తొమ్మిదిన్నర. కింద మెస్‌లో భోంచేసి వచ్చిన కుర్రాడు ఫోన్ స్పీకర్‌లో పెట్టి, ల్యాప్‌టాప్‌లో బ్యాంకు పేజీ తెరిచి కూర్చున్నాడు. అవతల, అనంతపురం జిల్లాలోని ఊళ్ళో వాళ్ళ నాన్న.

"నాన్నా, ఓటీపీ వచ్చిందేమో చూడు."

"ఏదో మెసేజ్ వచ్చినట్టుందిరా. కళ్ళజోడు లోపలుంది. ఉండు, చెల్లెల్ని పిలుస్తా."

చెల్లెలు వచ్చి చదువుతుంది. "నాలుగు, ఏడు, సున్నా..." ఆరో అంకె టైప్ చేసేలోపే టైమ్ అయిపోతుంది. మళ్ళీ పంపమని నొక్కుతాడు, మళ్ళీ చదువుతుంది. రెండోసారికి పనవుతుంది.

ఇంజనీరింగ్‌లో చేరినప్పుడు స్కాలర్‌షిప్ కోసం తెరిచిన ఖాతా అది. అప్పటికి కుర్రాడికి సొంత నంబర్ లేదు కాబట్టి నాన్న నంబరే ఇచ్చారు. చదువు అయిపోయింది, ఉద్యోగం వచ్చింది, ఊరు మారింది. ఖాతాలో నంబర్ మాత్రం మారలేదు.

బెంగళూరులో ఉండే తెలుగువాళ్ళ ఇళ్ళలో ఇది రోజూ జరిగేదే. ఇందులో తప్పేముందని కూడా ఎవరికీ అనిపించదు. కానీ ఒకటికి రెండు రుజువులు అడిగే పద్ధతి, అంటే టూ ఫ్యాక్టర్ అథెంటికేషన్, దేనికోసం పుట్టిందో ఆ పనే ఇక్కడ చెడిపోతోంది. రెండో తాళంచెవి ఖాతాదారు చేతిలో ఉండాల్సింది, వందల కిలోమీటర్ల దూరంలో ఇంకొకరి చేతిలో ఉంది. దానికంటే పెద్ద నష్టం ఇంకొకటుంది. ఫోన్ చేసి ఓటీపీ అడిగితే చదివి చెప్పడం ఆ ఇంట్లో అందరికీ అలవాటైపోయింది. ఇవాళ అడిగింది కొడుకు. రేపు "బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం, మీ అబ్బాయి ఖాతా ఆగిపోతోంది" అని ఎవడో అడిగినప్పుడు ఆ ఇంటి మనిషి తడుముకోకుండా అంకెలు చెప్పేస్తే, ఆయన్ని తప్పుపట్టడం అన్యాయం. నేర్పింది మనమే.

బెంగళూరు జీవితం ఈ అలవాటును ఇంకాస్త ముదిరేలా చేస్తోంది. క్యాబ్ ఎక్కితే డ్రైవర్‌కి నాలుగంకెలు చెప్పాలి. పార్సిల్ తెచ్చిన అబ్బాయికి చెప్పాలి. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర సెక్యూరిటీకి చెప్పాలి. పొద్దున్నుంచి రాత్రిలోపు మూడు నాలుగుసార్లు ఓటీపీ పైకి చదివే మనిషికి, ఐదోసారి వచ్చింది వేరే రకం అని తట్టడం కష్టం. ఎదురుగా నిలబడ్డ మనిషికి, ఎదురుగా ఉన్న వస్తువు కోసం చెప్పే కోడ్ వేరు. లాగిన్‌కి, డబ్బుకి వచ్చే కోడ్ వేరు. ఈ రెండో రకం కోడ్ నోటితో చెప్పేది కాదు, సొంత వేలితో టైప్ చేసేది. బ్యాంకు ఓటీపీ మెసేజ్‌లో ఆ కోడ్ దేనికోసమో, ఎంత సొమ్ముకో కూడా సాధారణంగా రాసే ఉంటుంది. జనం కళ్ళు మాత్రం తిన్నగా అంకెల మీదకే పోతాయి.

రెండు రుజువులు అంటే

బ్యాంకు లాకర్ తీసినవాళ్ళకి ఈ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. ఒక తాళంచెవి బ్యాంకు వాళ్ళ దగ్గర, ఇంకొకటి మన దగ్గర. రెండూ తిప్పితేనే లాకర్ తెరుచుకుంటుంది. ఆన్‌లైన్ ఖాతాలోనూ అంతే. మనిషి తనెవరో నిరూపించుకోవడానికి మూడు రకాల రుజువులున్నాయి. తనకు తెలిసినది, అంటే పాస్‌వర్డ్, పిన్ లాంటివి. తన దగ్గర ఉన్నది, అంటే ఫోన్, సిమ్, కార్డు. తన ఒంట్లో ఉన్నది, అంటే వేలిముద్ర, ముఖం. వీటిలో రెండు వేర్వేరు రకాలు కలిస్తేనే టూ ఫ్యాక్టర్. పాస్‌వర్డ్ అడిగి, ఆ తర్వాత "మీ మొదటి బడి పేరేంటి" అని అడిగితే అది రెండు తాళాలు కాదు. రెండూ తెలిసినవే, ఒక్క మోసంతో రెండూ పోతాయి.

ఏటీఎం కార్డు, పిన్ కలిపి వాడినన్నాళ్ళూ మనం చేసింది ఇదే. యూపీఐలో కూడా ఫోన్‌కి, అందులోని సిమ్‌కి ఖాతా ముడిపడి ఉంటుంది, దాని మీద పిన్ ఉంటుంది. ఆన్‌లైన్‌లో కార్డుతో కొన్నప్పుడు అదనంగా ఇంకో రుజువు అడగాలని రిజర్వ్ బ్యాంక్ 2009 ఆగస్టు 1 నుంచే తప్పనిసరి చేసింది. అప్పటికి చాలా దేశాల్లో కార్డు మీది నంబర్లు కొడితే చాలు, కొనుగోలు అయిపోయేది. ఈ విషయంలో మనవాళ్ళు ముందున్నారని ఒప్పుకోవాలి.

దానివల్ల ఒక దురభిప్రాయం కూడా స్థిరపడింది. రెండో తాళం అంటే ఎస్సెమ్మెస్‌లో వచ్చే ఓటీపీ అనీ, అది డబ్బు వ్యవహారాలకే అనీ. బ్యాంకు వాళ్ళు పెట్టారు కాబట్టి బ్యాంకుకి ఉంది. మెయిల్‌కి ఎవరూ పెట్టలేదు కాబట్టి మెయిల్‌కి లేదు.

అసలు ముందు చూసుకోవాల్సింది మెయిలే. ఇంట్లో తాళాల గుత్తి ఎక్కడుందో తెలిస్తే ఒక్కొక్క తాళం పగలగొట్టాల్సిన పని దొంగకి లేదు. షాపింగ్ యాప్, ఉద్యోగాల సైటు, సోషల్ మీడియా, షేర్ల ఖాతా, ఎక్కడ "పాస్‌వర్డ్ మర్చిపోయాను" అని నొక్కినా, చాలాసార్లు లింకు వచ్చేది మెయిల్‌కే. ఆధార్ కాపీ, పాన్ కాపీ, ఆఫర్ లెటర్, జీతం స్లిప్పులు, ఇంటి అగ్రిమెంటు అందులోనే పడి ఉంటాయి. నెల జీతం వచ్చే బ్యాంకుకి ఉన్న కాపలాలో సగం కూడా దీనికి లేకపోవడం చాలామంది విషయంలో నిజం.

పాస్‌వర్డ్ గట్టిగా ఉంటే చాలదా అని అడిగేవాళ్ళుంటారు. గట్టిగా ఉండటం ఒక సమస్యే కాదు, అదే పాస్‌వర్డ్ పది చోట్ల ఉండటం సమస్య. ఎప్పుడో ఒక చిన్న సైటులో రిజిస్టర్ అయ్యారు, ఆ సైటు డేటా బయటికి పోయింది. మెయిల్ ఐడీ, పాస్‌వర్డ్ జంటలుగా దొంగల చేతికి వెళ్ళాయి. వాటిని ఇంకో వంద సైట్లలో ప్రయత్నించి చూసే పని మనుషులు చేయరు, ప్రోగ్రాములు చేస్తాయి, నిద్ర లేకుండా చేస్తాయి. న్యూయార్క్ యూనివర్సిటీ, శాన్‌డియాగోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ పరిశోధకులతో కలిసి గూగుల్ 2019లో ప్రకటించిన లెక్కల ప్రకారం, ఖాతాకి ఎస్సెమ్మెస్ కోడ్ రక్షణ ఉన్నప్పుడు ఇలాంటి ఆటోమేటిక్ దాడులు 100 శాతం ఆగాయి. నకిలీ మెసేజ్‌లు, పేజీలతో గంపగుత్తగా వల విసిరే ఫిషింగ్ 96 శాతం ఆగింది. ఒక మనిషినే గురిపెట్టి చేసే దాడుల్లో మాత్రం ఆగినవి 76 శాతమే. ఎస్సెమ్మెస్ ఓటీపీ బలం, బలహీనత రెండూ ఆ మూడు అంకెల్లోనే ఉన్నాయి. ఏమీ లేకపోవడం కంటే అది ఎంతో నయం. అక్కడితో ఆగిపోతే చాలదు.

నంబర్ మనదేనా

ఎస్సెమ్మెస్ ఓటీపీ నిజానికి ఫోన్‌కి రాదు, నంబర్‌కి వస్తుంది. ఆ నంబర్ ఎవరి సిమ్‌లో ఉంటే వాళ్ళకి వస్తుంది. దొంగ కాగితాలతో, మోసపు మాటలతో మన నంబర్‌కి డూప్లికేట్ సిమ్ తీసుకోవడాన్నే సిమ్ స్వాప్ అంటారు. మన ఫోన్‌లో సిగ్నల్ ఉన్నట్టుండి పోతుంది. నెట్‌వర్క్ సమస్యేమోలే అని పడుకుంటాం. అవతల వాడు పని మొదలుపెడతాడు. 2019 ఆగస్టులో ట్విట్టర్ అధిపతి జాక్ డోర్సీ ఖాతానే నంబర్ దారిలో దొంగిలించారంటే, మామూలు మనిషి సంగతి చెప్పేదేముంది.

మన దేశంలో దీనికి కొన్ని అడ్డుకట్టలు వేశారు. సిమ్ మార్చిన తర్వాత 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు ఆపి ఉంచాలని టెలికాం శాఖ చెప్పింది. సిమ్ మార్చిన 7 రోజుల లోపు ఆ నంబర్‌ని ఇంకో కంపెనీకి పోర్ట్ చేయకూడదన్న నిబంధన 2024 జులై 1 నుంచి వచ్చింది. కాబట్టి కారణం లేకుండా సిగ్నల్ పోయి, రీస్టార్ట్ చేసినా రాకపోతే తెల్లారేదాకా ఆగకూడదు. పక్కనున్నవాళ్ళ ఫోన్ నుంచి కంపెనీకి, ఆ వెంటనే బ్యాంకుకి ఫోన్ చేయాలి. ఆ 24 గంటలే మనకున్న గడువు.

సిమ్ స్వాప్ భయపెట్టేంత పెద్దది కానీ, వలస వచ్చినవాళ్ళకి అంతకంటే మామూలుగా తగిలే దెబ్బ పాత నంబర్. ఊరి నుంచి వచ్చినప్పుడు ఆంధ్రా సిమ్ ఒకటి, ఇక్కడికొచ్చాక కర్ణాటక సిమ్ ఇంకొకటి. కొన్నాళ్ళు రెండూ నడుస్తాయి. తర్వాత పాతదానికి రీచార్జ్ దండగ అనిపిస్తుంది. అది ఆగిపోతుంది, డ్రాయర్‌లో పడుతుంది, ఓ రోజు రద్దవుతుంది. రద్దయిన నంబర్‌ని కంపెనీలు కనీసం 90 రోజులు పక్కన ఉంచి, ఆ తర్వాత వేరేవాళ్ళకి ఇస్తాయి. 2023లో సుప్రీంకోర్టు ముందు టెలికాం నియంత్రణ సంస్థ చెప్పింది ఇదే. ఆ కొత్త మనిషి దొంగ కానక్కర్లేదు. కానీ మన మెయిల్ రికవరీ కోడ్, మన పాత యాప్‌ల ఓటీపీలు ఆ మనిషి ఫోన్‌లో మోగుతుంటాయి. మనం మెయిల్‌లోకి వెళ్ళాలన్నా ఆ మనిషినే అడుక్కోవాలి.

2015 జులై 3 నుంచి దేశమంతటా నంబర్ పోర్టబిలిటీ ఉంది. అనంతపురంలో తీసుకున్న నంబర్‌ని అంకె మారకుండా కర్ణాటక సర్కిల్‌కి తెచ్చుకోవచ్చు. కొత్త ఊరికి కొత్త నంబర్ అనే లెక్క ఆ రోజుతోనే పోయింది. అయినా మారతహళ్ళి, బీటీఎమ్‌లో పీజీ తీసుకున్న మొదటివారంలోనే కొత్త సిమ్ కొనే అలవాటు ఇంకా పోలేదు. ఇప్పటికే కొనేసినవాళ్ళు పాత నంబర్ ఆపేముందు అది ఎక్కడెక్కడ ఇచ్చారో గుర్తుచేసుకోవాలి. బ్యాంకు, మెయిల్ రికవరీ, ఆదాయపు పన్ను పోర్టల్, డిజీలాకర్. అన్నిటికంటే ముందు ఆధార్. పీఎఫ్ డబ్బు ఆన్‌లైన్‌లో అడగాలన్నా ఆధార్‌కి లింకైన నంబర్‌కే ఓటీపీ వస్తుంది. అది డ్రాయర్‌లో చచ్చిన సిమ్ అయితే క్లెయిమ్ అక్కడే ఆగుతుంది. ఆధార్ సేవా కేంద్రానికి వెళితే వేలిముద్ర తీసుకుని నంబర్ మారుస్తారు. పాత సిమ్ బతికుండగా ఈ పనులు గంటల్లో అవుతాయి, చచ్చాక రోజులు పడతాయి.

మన పేరు మీద మనకు తెలియని సిమ్‌లు ఏమైనా ఉన్నాయా అన్నది టెలికాం శాఖ వారి సంచార్ సాథీ పోర్టల్‌లో చూసుకోవచ్చు. తెలియని నంబర్ కనిపిస్తే "నాది కాదు" అని అక్కడే చెప్పవచ్చు.

సిగ్నల్ అక్కర్లేని కోడ్

ఎస్సెమ్మెస్ మీద ఆధారపడకుండా ఉండే తేలికైన దారి అథెంటికేటర్ యాప్. గూగుల్‌ది, మైక్రోసాఫ్ట్‌ది, ఇంకా కొన్ని ఉన్నాయి, అన్నీ ఒకే పద్ధతిలో పనిచేస్తాయి. ఆ పద్ధతి 2011లో ప్రమాణంగా స్థిరపడింది. ఎలా పనిచేస్తుందో తెలిస్తే దాని మీద నమ్మకమూ కుదురుతుంది, దానితో ఏం చేయకూడదో కూడా తెలుస్తుంది.

ఖాతా సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ పేజీకి వెళ్ళి, టూ స్టెప్ వెరిఫికేషన్‌లో అథెంటికేటర్‌ని ఎంచుకుంటే తెర మీద ఒక క్యూఆర్ కోడ్ వస్తుంది. ఆ గళ్ళ లోపల ఉన్నది ఒక పొడుగాటి రహస్య అక్షరాల వరుస. యాప్‌తో స్కాన్ చేయగానే అది ఫోన్‌లో కూర్చుంటుంది, అదే వరుస అవతల సైటు దగ్గరా ఉంటుంది. ఇక అక్కణ్ణుంచి రెండిటి మధ్యా మాటలుండవు. ఫోన్ 1970 జనవరి 1 నుంచి ఇప్పటిదాకా గడిచిన సెకన్లని 30తో భాగిస్తుంది. వచ్చిన సంఖ్యని ఆ రహస్యంతో కలిపి, వెనక్కి తిప్పడం కుదరని ఒక లెక్క చేసి, చివరికి ఆరు అంకెలు తీస్తుంది. సైటు కూడా అదే గడియారం చూసి అదే లెక్క చేస్తుంది. రెండూ ఒకటైతే తలుపు తెరుస్తుంది. ముప్పై సెకన్లు కాగానే సంఖ్య మారుతుంది, కోడ్ మారుతుంది.

అందుకే దీనికి సిమ్ అక్కర్లేదు, సిగ్నల్ అక్కర్లేదు. ఫ్లైట్ మోడ్‌లోనూ కోడ్ వస్తుంది. సిమ్ స్వాప్ చేసినవాడికి ఇది దొరకదు, ఎందుకంటే ఇది గాల్లో ప్రయాణం చేయదు. యాప్ చూపించిన కోడ్ కొట్టినా తప్పంటోందని విసుక్కునేవాళ్ళు ఫోన్ టైమ్ చూసుకోవాలి. గడియారం ఒకటి రెండు నిమిషాలు అటూ ఇటూ అయినా లెక్క తప్పుతుంది. టైమ్‌ని ఆటోమేటిక్‌లో పెడితే చాలు.

ఆ క్యూఆర్‌ని స్క్రీన్‌షాట్ తీసి గ్యాలరీలో ఉంచడం, "దాచిపెట్టు" అని ఫ్రెండ్‌కి వాట్సాప్ చేయడం మాత్రం వద్దు. మిగతా కోడ్‌లు ముప్పై సెకన్లలో చస్తాయి, ఆ బొమ్మ చావదు. అది ఎవరి దగ్గరుంటే వాళ్ళ ఫోన్‌లో మన కోడ్‌లే పుడుతుంటాయి.

వాట్సాప్ విషయం వేరుగా చెప్పుకోవాలి, ఎందుకంటే తెలుగిళ్ళలో మోసం ఎక్కువగా దూరే కిటికీ అది. తెలిసినవాళ్ళ నంబర్ నుంచే మెసేజ్ వస్తుంది: "అన్నా, పొరపాటున నా కోడ్ నీ నంబర్‌కి వచ్చింది, కాస్త పంపవా." పంపిన ఆరు అంకెలు నిజానికి మన వాట్సాప్‌ని వాళ్ళ ఫోన్‌లోకి ఎక్కించే కోడ్. అడిగింది స్నేహితుడు కూడా కాదు, అప్పటికే అతని ఖాతా పోయింది. ఆ తర్వాత మన పేరుతో ఫ్యామిలీ గ్రూపులో "అర్జెంటుగా ఇరవై వేలు కావాలి, రేపు ఇచ్చేస్తా" అని పడుతుంది. పిన్ని, బాబాయి ఎవరో ఒకరు పంపేస్తారు.

దీనికి వాట్సాప్‌లోనే 2017 నుంచి మందు ఉంది. సెట్టింగ్స్‌లో అకౌంట్, అందులో టూ స్టెప్ వెరిఫికేషన్. ఆరు అంకెల పిన్ పెట్టుకుంటే, కోడ్ దొంగ చేతికి పోయినా పిన్ లేకుండా ఖాతా వెంటనే తెరుచుకోదు. పిన్ మర్చిపోతే తిరిగి తెచ్చుకోవడానికి ఒక మెయిల్ కూడా ఇవ్వమంటుంది, ఇవ్వాలి. పుట్టినరోజు మాత్రం పిన్‌గా వద్దు, అది చుట్టాలందరికీ తెలుసు, ఫేస్‌బుక్‌కీ తెలుసు. రెండు నిమిషాల పని ఇది. ఈ వ్యాసంలో ఉన్న వాటిలో ఒక్కటే చేయగలిగిన పెద్దవాళ్ళకి చేయించాల్సింది ఇదే.

ఇలాంటిదే ఇంకో ఎత్తు కాల్ ఫార్వర్డింగ్. "మీ నెట్‌వర్క్ సరిచేస్తాం, ఈ నంబర్ డయల్ చేయండి" అని *401* తో మొదలయ్యే నంబర్ కొట్టించేవారు. కొట్టగానే మన కాల్స్, వాటితో పాటు కాల్‌లో వినిపించే ఓటీపీలు వాళ్ళకి వెళ్ళేవి. 2024 ఏప్రిల్ 15 నుంచి ఇలా డయల్ చేసి ఫార్వర్డ్ చేసే సదుపాయాన్నే టెలికాం శాఖ ఆపించింది. ఫోన్ సెట్టింగ్స్‌లోంచి పెట్టుకునే ఫార్వర్డింగ్ వేరు కాబట్టి, అక్కడ తెలియని నంబర్ ఏమైనా ఉందేమో ఒకసారి చూసుకోవడం మంచిది.

నకిలీ పేజీకి లొంగనిది

అథెంటికేటర్ కోడ్‌కి కూడా ఒక లోపం ఉంది. ఆ ఆరు అంకెలని మనమే తీసుకెళ్ళి నకిలీ పేజీలో కొట్టవచ్చు. అసలు బ్యాంకు పేజీకి అచ్చు పోసినట్టుండే పేజీలో పాస్‌వర్డ్, కోడ్ ఇస్తే, వెనకనున్న ప్రోగ్రాము అదే సెకన్‌లో వాటిని అసలు సైటులో కొడుతుంది. ముప్పై సెకన్లు దానికి చాలా ఎక్కువ.

పాస్‌కీ వచ్చింది ఇందుకే. యాపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్ మూడూ కలిసి దీన్ని అన్ని చోట్లకీ తెస్తామని 2022 మేలో ప్రకటించాయి. ఇందులో గుర్తుపెట్టుకునే పాస్‌వర్డ్ ఉండదు, టైప్ చేసే కోడ్ ఉండదు. ఫోన్ ఒక జంట తాళాలు తయారుచేస్తుంది. ఒకటి సైటుకి ఇస్తుంది, ఇంకొకటి తన దగ్గరే దాచుకుంటుంది. లాగిన్ అయినప్పుడు వేలిముద్రతో ఫోన్ తెరిస్తే, దాచుకున్న తాళం సైటు అడిగిన ప్రశ్నకి సంతకం పెడుతుంది. వేలిముద్ర ఎక్కడికీ పోదు, ఫోన్‌లోనే ఉంటుంది. ముఖ్యమైన సంగతి ఏమిటంటే, ఏ సైటు చిరునామాకి చేసిన పాస్‌కీ ఆ చిరునామాలోనే పనిచేస్తుంది. పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్న నకిలీ పేజీ మనిషి కంటిని మోసం చేయగలదు, పాస్‌కీని చేయలేదు. ఇదే సూత్రంతో పనిచేసే చిన్న యూఎస్‌బీ తాళాలని 2017 మొదట్లో తప్పనిసరి చేశాక, తమ 85,000కి పైగా ఉద్యోగుల్లో ఒక్కరి ఆఫీసు ఖాతా కూడా ఫిషింగ్‌లో పోలేదని గూగుల్ 2018లో చెప్పింది.

పాస్‌కీలు మామూలుగా గూగుల్ ఖాతాలోనో, యాపిల్ ఖాతాలోనో దాచి ఉంటాయి. మళ్ళీ ఆ ఖాతానే కాపాడుకోవాల్సి వస్తుంది. ఎటు తిరిగినా మెయిల్ దగ్గరికే వస్తున్నాం.

"లాగిన్ అవుతున్నది మీరేనా" అని ఫోన్‌లో వచ్చే ప్రశ్నకి ఒక్క మాట. మనం ఏమీ చేయకుండా అది వచ్చిందంటే మన పాస్‌వర్డ్ ఎవడి చేతికో పోయిందని అర్థం. కాదని నొక్కి, పాస్‌వర్డ్ మార్చాలి. ఒకదాని మీద ఒకటి పంపి విసిగిస్తారు, విసుగు భరించలేక "అవును" నొక్కుతారని వాళ్ళ ఆశ. 2022 సెప్టెంబర్‌లో ఉబర్ సంస్థలోకి చొరబడింది ఈ దారిలోనే. ఆఫీసు పని ఇంటి నుంచి చేసేవాళ్ళు బెంగళూరులో ఎంతమందో ఉన్నారు కాబట్టి ఇది ఇక్కడ దూరపు సంగతి కాదు.

మన బ్యాంకింగ్‌లోనూ గాలి అటే తిరుగుతోంది. 2025 సెప్టెంబర్‌లో రిజర్వ్ బ్యాంక్ ఇచ్చిన ఆదేశాలు 2026 ఏప్రిల్ 1ని అమలు తేదీగా పెట్టాయి. రెండు రుజువులు ఉండాల్సిందే, వాటిలో ఎస్సెమ్మెస్ ఓటీపీయే ఉండాలని లేదు, వేరే పద్ధతులూ వాడవచ్చు అన్నది వాటి సారం.

ఫోన్ పోతే

ఇదంతా విన్నాక చాలామంది అడిగే ప్రశ్న, అడగాల్సిన ప్రశ్న కూడా: "ఫోన్ పోతే నేనే బయట ఉండిపోతానుగా?" ఈ టెన్షన్ నిజమైనదే. రెండో తాళం పెట్టమని చెప్పేవాళ్ళు ఎక్కువ, ఈ ప్రశ్నకి నిదానంగా జవాబు చెప్పేవాళ్ళు తక్కువ. జవాబు లేకుండా తాళం పెట్టుకోవడం కంటే పెట్టుకోకపోవడమే మేలనుకునేవాళ్ళని తప్పుపట్టలేం.

సాయంత్రం ఏడింటికి సిల్క్ బోర్డ్ నుంచి మారతహళ్ళి వైపు వచ్చే బస్సు. కాలు పెట్టే చోటుండదు. దిగి జేబు చూసుకుంటే ఫోన్ లేదు. ఇప్పుడు ఆ ఫోన్ తీసుకున్నవాడు ఏం చేయగలడు? స్క్రీన్ లాక్ ఉంది కాబట్టి ఏమీ చేయలేడనుకుంటాం. కానీ లాక్ స్క్రీన్ మీద నోటిఫికేషన్ పూర్తిగా కనిపించేలా ఉంటే, ఫోన్ తెరవకుండానే ఓటీపీ చదవగలడు. అది కుదరకపోతే సిమ్ తీసి తన ఫోన్‌లో వేసుకుంటాడు, ఇక మన ఎస్సెమ్మెస్‌లన్నీ అతనికే. నంబర్ తెలిస్తే పాస్‌వర్డ్ మార్పించే యాప్‌లు ఎన్ని ఉన్నాయో లెక్క లేదు.

ఈ రెండు కంతలూ పూడ్చడం తేలిక, అయినా చేసినవాళ్ళు అరుదు. లాక్ స్క్రీన్ మీద మెసేజ్ లోపలి విషయం కనిపించకుండా సెట్టింగ్స్‌లో దాచాలి. సిమ్‌కి పిన్ పెట్టాలి. సిమ్ పిన్ ఉంటే ఆ సిమ్‌ని వేరే ఫోన్‌లో వేసినా, ఫోన్ ఆపి ఆన్ చేసినా పిన్ కొట్టేదాకా నెట్‌వర్క్ రాదు. కంపెనీ మొదట ఇచ్చే పిన్ ఏమిటో కస్టమర్ కేర్‌ని అడిగి కనుక్కున్నాకే మొదలుపెట్టాలి. ఊహించి కొట్టకూడదు, మూడుసార్లు తప్పితే సిమ్ లాక్ అయి, దాన్ని తెరవడానికి కంపెనీ ఇచ్చే పీయూకే కోడ్ అడుగుతుంది, అదీ పదిసార్లు తప్పితే ఆ సిమ్ ఇక పనికిరాదు.

లోపలికి మనం తిరిగి వెళ్ళడానికి దారి, బ్యాకప్ కోడ్‌లు. గూగుల్ ఖాతాలో టూ స్టెప్ పేజీలోనే అడిగితే పది కోడ్‌లు ఇస్తుంది, ఒక్కొక్కటి ఎనిమిదంకెలు. ఒక్కోటి ఒక్కసారే పనిచేస్తుంది. వీటిని ఫోన్‌లోనే ఫొటో తీసి ఉంచుకుంటే, ఇంటి తాళంచెవి ఇంట్లో పెట్టి తాళం వేసుకున్నట్టే. కాగితం మీద రాయాలి. ఒక కాగితం పీజీలో సర్టిఫికెట్ల ఫైలులో. ఇంకోటి ఊళ్ళో, పొలం పాస్‌బుక్కులుండే బీరువాలో. పీజీ గదులు మారుతుంటాయి, ఆ బీరువా మారదు. అవి ఏ ఖాతాకి చెందిన కోడ్‌లన్నది కాగితం మీద పూర్తిగా రాయక్కర్లేదు, మనకి గుర్తుంటే చాలు.

అథెంటికేటర్‌లోని ఖాతాలు కూడా ఫోన్‌తోనే పోతాయన్న భయం ఉండేది. 2023 ఏప్రిల్ నుంచి గూగుల్ అథెంటికేటర్ వాటిని గూగుల్ ఖాతాలో దాచుకునే వీలు ఇచ్చింది. కొత్త ఫోన్‌లో అదే ఖాతాతో లాగిన్ అయితే తిరిగొస్తాయి. ఆ ఖాతాలోకి వెళ్ళడానికి మాత్రం కాగితం మీది కోడ్ కావాలి.

బస్సులో ఫోన్ పోయిన ఆ సాయంత్రం పనుల వరుస కూడా ముఖ్యమే. మొదట రూమ్మేట్ ఫోన్ నుంచి సిమ్ కంపెనీకి కాల్ చేసి నంబర్ ఆపించాలి. తర్వాత బ్యాంకు. తర్వాత బ్యాకప్ కోడ్‌తో మెయిల్‌లోకి వెళ్ళి, పోయిన ఫోన్‌ని ఆ ఖాతా నుంచి తీసేయాలి. లాగిన్ అయింది రూమ్మేట్ ల్యాప్‌టాప్‌లో అయితే "ఈ పరికరంలో మళ్ళీ అడగొద్దు" అన్న టిక్ తీసేయాలి, పనయ్యాక లాగౌట్ కావాలి. పోలీసు ఫిర్యాదు కాపీ, కొత్త సిమ్ చేతికొచ్చాక సంచార్ సాథీలో ఐఎమ్ఈఐ నంబర్ (ప్రతి ఫోన్‌కీ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య) ఇచ్చి ఆ ఫోన్‌ని దేశమంతా పనిచేయకుండా ఆపించవచ్చు. అప్పటికే డబ్బు పోయి ఉంటే మిగతావన్నీ పక్కన పెట్టి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. దేశమంతటికీ అదే నంబర్. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకి జారిపోతూ ఉంటుంది కాబట్టి ఎంత త్వరగా చెబితే అంత ఎక్కువ ఆగే అవకాశం ఉంటుంది. ఆ తర్వాత బెంగళూరులో సైబర్ నేరాలు చూసే పోలీస్ స్టేషన్‌కి వెళ్ళవచ్చు.

ఫోన్ పోవడమే కాదు, అమ్మడమూ ఉంది. బెంగళూరు ఎస్పీ రోడ్డు ఎలక్ట్రానిక్స్ బజారులోనో ఆన్‌లైన్‌లోనో ఎక్స్‌చేంజ్‌కి ఇచ్చేటప్పుడు కొత్త ఫోన్‌లో అథెంటికేటర్ పెట్టి, దాని కోడ్‌తో ఒకసారి నిజంగా లాగిన్ అయి చూశాకే పాతదాన్ని చెరిపేయాలి.

ఇక మొదట చూసిన ఆ పీజీ గది. ఖాతా కుర్రాడిది, నంబర్ నాన్నది. బ్యాంకు శాఖలో నంబర్ మార్పు ఫారం నింపి, ఆధార్, పాస్‌బుక్ చూపిస్తే అయిపోయే పని అది. కొన్ని బ్యాంకుల్లో ఏటీఎంలో కూడా అవుతుంది. ఊరెళ్ళిన ఏ శనివారమో పొద్దున బ్యాంకు తెరిచాక ఒక గంట పడుతుంది, రెండో, నాలుగో శనివారం కాకుండా చూసుకుంటే. అదే రోజు మధ్యాహ్నం నాన్న వాట్సాప్‌కి పిన్ పెట్టి, ఆయన చేతే రెండుసార్లు కొట్టించి, ఆ అంకెలు ఆయన చేతిరాతతోనే రాయించి బీరువాలో పెట్టించవచ్చు. ఆ రోజు నుంచి నాన్న ఫోన్‌కి వచ్చే ఓటీపీలు నాన్నవే. కొడుకు గొంతుతో ఎవరు అడిగినా, చదివి చెప్పాల్సిన కోడ్ ఆ ఫోన్‌కి ఇక రాదు.